రాతికీ రాతికీ మధ్య

డిక్కీలోంచి మూడో గొడుగు కూడా బయటికి తీశాక, ఇన్ని వానలు ఎక్కడ పడుతున్నాయని మా ఆడపడుచుని అడిగాను.

"ఒకటి నాది. ఒకటి ఎవరో మరిచిపోయింది. మూడోది..." అని నవ్వింది. "మూడోది నీదే వదినా. పోయిన వానాకాలం నుంచీ నా దగ్గరే ఉంది."

"దొంగ మొహమా!" అన్నాను. అనేసి నాలిక కరుచుకున్నాను. ఆ వారం మా ఇంట్లో వేళాకోళానికైనా వాడకూడని మాట అది.

ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబులో డ్రైవరు. అవతలి ఊళ్ళో తీసిన రక్తం సీసాలను ఐసు పెట్టెల్లో పెట్టుకుని, రోజూ హైవే మీద ఇక్కడి పెద్ద ల్యాబుకు తెస్తుంది. ఆరేళ్ళలో ఒక్క సీసా పగలలేదు. అయితే గత రెండు నెలలుగా ఆమె కారు లీటరు డీజిలుకు పదహారు పాయింట్ ఆరు కిలోమీటర్లే ఇచ్చినట్టు రిజిస్టరు చెబుతోంది. అంతకు ముందు అదే కారు పద్దెనిమిది ఇచ్చేది. అచ్చం అలాంటిదే ఇంకో కారు, అదే దారిలో, ఇప్పటికీ పద్దెనిమిది ఇస్తోంది. దాన్ని నడిపే మీసాలాయన క్యాంటీన్లో పదిమంది ముందూ అడిగాడట: "కారు తాగుతోందా, కారు నడిపేవాళ్ళు తాగుతున్నారా?"

ల్యాబులో బండ్ల వ్యవహారం చూసే ఆఫీసరుని డ్రైవర్లు చాటుగా చుక్కల సారు అంటారు. డీజిలును లీటర్లలో కాక చుక్కల్లో చూస్తాడని ఆ పేరు. ఆయన పంపిన ఉత్తరం మూడు రోజులుగా మా భోజనాల బల్ల మీద ఉంది. కారులో లోపం లేదని వర్క్‌షాపు తేల్చిందట. ఆదివారం తానే పక్కన కూర్చుని పరీక్ష చేస్తాడట. ఇంధనం పక్కదారి పట్టినట్టు రుజువైతే ఉద్యోగంలో ఉంచడం కుదరదట. కావాలంటే తన తరఫున ఒక సాక్షిని తెచ్చుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. పక్కదారి అన్నది దొంగతనానికి ఆఫీసు వాళ్ళు తొడిగే ఇస్త్రీ చొక్కా. ఆ మాట ఒక్కసారి కాగితం మీద పడితే ఇంకే ల్యాబూ, ఏ ఆసుపత్రీ ఆమె చేతికి బండి తాళం ఇవ్వదు.

పరీక్ష అనగానే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేవి మార్కులు. పద్దెనిమిది తెచ్చుకుంటే గట్టెక్కినట్టే అనుకున్నాం. "పంతొమ్మిది తెచ్చి ఆయన మొహాన కొట్టు చెల్లీ," అని మావారు హుషారు చేశారు. శనివారమంతా నేనూ, ఆమే కారుకు చాకిరీ చేశాం. డిక్కీలో పాత బ్యాటరీ, నీళ్ళ క్యాన్లు, తడిసి ఆరిన తాళ్ళు, ఒంటరి చెప్పు ఒకటి. అన్నీ ఇంట్లో తూకం మీద పెట్టి చూశాను, ముప్పై ఒక్క కిలోలు. ఎయిర్ ఫిల్టరు తీసి నేలకేసి కొడితే గుప్పెడు దుమ్ము రాలింది.

"గాలి రేపు పొద్దున్నే కొట్టించాలి," అంది ఆమె. "టైరు వేడెక్కాక చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇంకోటి వదినా, రేపు డెబ్బై అయిదు దాటను. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలిని తోసుకుపోవడానికే డీజిలంతా అయిపోతుంది. బ్రేకు వేశామా, అప్పటిదాకా తాగించింది పారబోసినట్టే."

"అన్నం వండటం కూడా ఇంత శ్రద్ధగా నేర్చుకుని ఉంటే..."

"నీకు పని లేకుండా పోయేది."

ఆదివారం ఉదయం ఏడింటికి హైవే మీద ఇరవయ్యో కిలోమీటరు రాయి పక్కనున్న పెట్రోలు బంకుకు వెళ్ళేసరికి చుక్కల సారు అప్పటికే వచ్చి ఉన్నారు. సన్నటి మనిషి, జేబులో రెండు పెన్నులు. మేస్త్రీలు వాడే నీటిబుడగ మట్టం ఒకటి సంచిలోంచి తీసి నేల మీద పెట్టి, బుడగ మధ్యకు వచ్చిన చోట కారును ఆపించారు. నాలుగు టైర్ల దగ్గరా సుద్దతో గీతలు గీశారు. ట్యాంకు నిండి డీజిలు గొట్టం టక్‌మని దానంతట అది ఆగగానే చెయ్యి ఎత్తారు.

"చాలు. టక్‌మన్నాక ఒక్క చుక్క కూడా వద్దు. తిరిగొచ్చాక ఇదే గొట్టం, ఇవే గీతలు, ఇదే టక్కు."

తరవాత దూరం చూపే ట్రిప్ మీటరు సున్నా చేయించి, నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. "సాక్షి అన్నాక ఊరికే కూర్చోకూడదమ్మా. పది రాళ్ళకొకసారి రాయి నంబరు, మీటరు, టైము రాయండి. నూట నలభయ్యో రాయి దాకా వెళ్ళి వెనక్కి వద్దాం."

నేను వెనక సీట్లో మధ్యకు జరిగి కూర్చున్నాను. అక్కడి నుంచి మీటరు కనిపిస్తుంది. ఎడమవైపు కిటికీలోంచి రాళ్ళు కనిపిస్తాయి.

ముప్పయ్యో రాయి వచ్చింది. మీటరు తొమ్మిది పాయింట్ నాలుగు. నేనే తొందరపడి చూశానేమో అనుకుని ఉన్నదే రాశాను. నలభయ్యో రాయి దగ్గర పద్దెనిమిది పాయింట్ ఎనిమిది. కళ్ళజోడు తుడుచుకున్నాను. యాభై, ఇరవై ఎనిమిది పాయింట్ రెండు.

వేగం చూపే ముల్లు డెబ్బై అయిదు మీద మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. దూరాన లారీ నెమ్మదించడం చూసి ఆమె పెడల్ మీంచి కాలు తీసేసి, బ్రేకు ముట్టుకోకుండా, అది పక్కకు తప్పుకునేదాకా కారును దానంతట దాన్నే దొర్లనిచ్చింది.

"చాలా బాగా నడుపుతున్నారు," అన్నారు సారు.

"థాంక్స్ సార్." నా ఎదుట ఆమె భుజాలు కాస్త దిగాయి.

"టైర్లలో గాలి ఎప్పుడు చూశారు?"

"ఇవాళ పొద్దున్నే సార్, చల్లగా ఉన్నప్పుడు."

"డిక్కీ?"

"నిన్న ఖాళీ చేసేశాం సార్. ముప్పై ఒక్క కిలోలు తగ్గింది. మా వదిన తూచింది."

"రోజూ ఎంత వేగంలో వెళ్తారు?"

"ఎనభై. ముల్లు ఎనభై దాటనివ్వను. ట్రిప్ షీటులో రోజూ సంతకం పెడుతున్నాను కదా సార్."

"ఇవాళ డెబ్బై అయిదు."

"అవును సార్. మైలేజీ పెరుగుతుందని."

ఆయన అన్నీ రాసుకున్నారు. పెన్ను మూత పెట్టారు. "అమ్మా, మీరు రోజూ రక్తం మోస్తారు. రేపు పరీక్ష ఉందని ఇవాళ రక్తానికి ఎవరైనా చదువు చెబుతారా?"

ఇద్దరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పారు.

"కారు ఎంత తాగుతుందో తెలుసుకుందామని వచ్చాను నేను. పక్కన నేనున్నా పదహారున్నరే వస్తే తప్పు కారుది, మీరు నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. మీరేమో ఎక్కువ తెప్పించడానికి చెమటోడుస్తున్నారు. నేనుంటే ఎక్కువ, లేకపోతే తక్కువ. ఆ మధ్య తేడా ఎటు పోయిందని రాయమంటారు?"

అద్దంలో ఆమె కళ్ళు నా కళ్ళను వెతుక్కున్నాయి.

"వదినా," అంది, "కొరివితో తల గోక్కున్నాం."

ముల్లు డెబ్బై ఎనిమిదికి కదిలింది.

"ఇప్పుడు కావాలని తొక్కితే అది కూడా రాస్తాను," అన్నారు సారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ముల్లు వెనక్కి వచ్చింది. ఇంక ఎలా నడిపినా తప్పే. బాగా నడిపితే దొంగ, పాడుగా నడిపితే నాటకం.

నేను చేతిలో కాగితాన్ని చూశాను. అప్పటికి ఎనభయ్యో రాయి దాటాం. పది రాళ్ళకు తొమ్మిది పాయింట్ నాలుగు, ఆరుసార్లూ అంతే. రాళ్ళు తప్పుగా పాతారేమోనని టైము వరస చూశాను. డెబ్బై అయిదులో పోతున్న కారుకు పది కిలోమీటర్లకు ఎనిమిది నిమిషాలు పట్టాలి. నా వాచీ ఆరుసార్లూ ఏడున్నరే చెప్పింది. మేము ముల్లు చెప్పేదానికంటే వేగంగా పోతున్నాం. రాళ్ళు చెప్పినదీ, వాచీ చెప్పినదీ ఒకటే.

కాగితం మూల పెన్సిలుతో లెక్క కట్టాను. మీటరు నూటికి ఆరు కిలోమీటర్లు మింగుతోంది. అంటే మైలేజీ రిజిస్టరులో ఉన్నదానికంటే ఎక్కువ. నోరు తెరవబోయి ఆగిపోయాను. దూరం తక్కువ చూపించే మీటరు వేగాన్నీ తక్కువే చూపిస్తుంది. ఇవాళ్టి డెబ్బై అయిదు అసలుకు ఎనభై. రోజూ ఆమె సంతకం పెట్టిన ఎనభై అసలుకు ఎనభై అయిదు. రక్తం సీసాలు తెచ్చే బండి ఎనభై దాటకూడదని ల్యాబులో గట్టి నియమం. దాటినవాళ్ళకు హైవే డ్యూటీ ఉండదు.

"ఏంటి వదినా అంతసేపు రాస్తున్నావు?" అంది ఆమె అద్దంలోంచి.

"ఒకటి కనిపించింది. నీకు మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది. చెప్పమంటావా?"

"ఇంతకంటే చెడ్డదేముంది, రెండూ చెప్పు."

చెప్పాను. సారు కాగితం తీసుకుని చూశారు. తిరిగి ఇచ్చేశారు.

"రాళ్ళు మనుషులు పాతినవమ్మా. ఒకటి అటూ, ఒకటి ఇటూ ఉంటాయి."

"ఒకటి ఉంటే అలా అనుకోవచ్చు సార్. ఆరుసార్లూ అటే ఉన్నాయి. వాచీని కూడా ఎవరైనా పాతారా?"

ఆయన నూట నలభయ్యో రాయి దగ్గర కారు ఆపించి దిగారు. మీటరు నూట పన్నెండు పాయింట్ ఎనిమిది. పక్కనే టీ బడ్డీ ఉంది, ఎవరమూ అటు చూడలేదు. ఆయన డ్రైవరు వైపు తలుపు తెరిచి, తలుపు పక్కన అంటించి ఉన్న కంపెనీ చీటీ చదివారు. టైరు సైజు మూడు అంకెలు, మధ్యది టైరు ఎత్తుది, అరవై అయిదు. తరవాత ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు పక్కనున్న మట్టిని బొటనవేలితో తుడిచారు. అక్కడ మధ్య అంకె డెబ్బై అయిదు.

"ఇవి ఎప్పుడు వేశారు?"

"రెండు నెలలైంది సార్," అంది మా ఆడపడుచు. "అసలు సైజు స్టాకు లేదు, ఒక సైజు ఎత్తువి వేయొచ్చా అని వర్క్‌షాపు వాళ్ళు కాగితం పంపారు."

"ఎవరికి?"

"మీకే సార్. వేయవచ్చు అని సంతకం పెట్టారు. ఆ కాగితం వర్క్‌షాపుకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను."

ఆయన కూర్చున్న చోటునుంచి లేవలేదు. లారీ ఒకటి పక్కనుంచి పోతూ లేపిన దుమ్ము ఆయన భుజాల మీద పడింది, దులుపుకోలేదు. ఈ సంగతి నా కంటే ఆయనకే త్వరగా అర్థమై ఉంటుంది. పొడుగు కాళ్ళవాడు నూరు అడుగులేస్తే పొట్టివాడి కంటే ఎక్కువ దూరం పోతాడు. మీటరు అడుగులు లెక్కపెడుతుంది, కాళ్ళ పొడవు దానికి తెలియదు.

లేచి, నా వైపు చెయ్యి చాపారు. "కాగితం ఇలా ఇవ్వండి. తిరిగి పోయేటప్పుడు నేను రాస్తాను. బంకు చేరేదాకా ఇద్దరూ ఏమీ మాట్లాడకండి."

ఆ గంటన్నర ప్రయాణం నాకు తెలిసిన అన్ని ప్రయాణాల కంటే పొడుగు. ఎదురుగాలి మొదలైంది, బానెట్టు మీద ఈల వేస్తున్నట్టు వినిపించింది. గాలికి ఎంత డీజిలు పోతోందోనని ఆమె ఒకటి రెండుసార్లు గేజి వైపు చూసింది. సారు కళ్ళు రాళ్ళ మీదే. నూట పదో రాయికి అడ్డంగా ఒక లారీ ఆగి ఉంది. ఆయన చటుక్కున వెనక్కి తిరిగి వెనక అద్దంలోంచి రాయిని చూసి, పళ్ళ మధ్య ఏదో అనుకుని, మీటరు రాసుకున్నారు. తొంభయ్యో రాయి దగ్గర మొదటిసారి పైకి చదివారు, తనకు తాను చెప్పుకున్నట్టు.

"యాభైకి నలభై ఏడు."



బంకులో కారు సుద్దగీతల మీద ఆగింది. బుడగ మట్టం మళ్ళీ నేల మీదకు దిగింది. అదే గొట్టం. అంకెలు తిరుగుతున్నంతసేపూ ఆమె కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. టక్‌మంది. పదమూడు పాయింట్ ఒకటి లీటర్లు.

బంకు వాళ్ళ చిన్న గదిలో, ఆయిలు డబ్బాల పక్కన ఉన్న బల్ల మీద సారు లెక్క వేశారు. రెండుసార్లు వేశారు. పెన్ను కొనతో చూపిస్తూ చెప్పారు.

"మీటరు ప్రకారం రెండు వందల పాతిక పాయింట్ ఆరు కిలోమీటర్లు. లీటరుకు పదిహేడు పాయింట్ రెండు. రాళ్ళ ప్రకారం రెండు వందల నలభై. లీటరుకు పద్దెనిమిది పాయింట్ మూడు. పాత రిజిస్టరును కూడా రాళ్ళ ప్రకారం మారిస్తే పదహారు పాయింట్ ఆరు కాస్తా పదిహేడు పాయింట్ ఆరు అవుతుంది." ఆగారు. "ఇంకా లీటరుకు పాయింట్ ఏడు తేడా ఉంది. ఇదెక్కడికి పోయింది?"

"గాలికి పోయింది సార్," అంది ఆమె. "ఇవాళ అసలుకు ఎనభైలో వచ్చాను. రోజూ ఎనభై అనుకుంటూ ఎనభై అయిదులో వచ్చాను. ముప్పై కిలోల చెత్త కూడా మోశాను."

"నోటితో అంటే చాలదు. రాసి సంతకం పెట్టాలి. అప్పుడు రెండు నెలల ట్రిప్ షీట్లూ తప్పని మీరే ఒప్పుకున్నట్టు. ఎనభై దాటితే ఏమవుతుందో తెలుసు కదా?"

"హైవే తీసేస్తారు."

"తీసేయవచ్చు. అది నా చేతిలో లేదు."

"రాయకపోతే?"

"ఆ తేడాకు కారణం లేదు. కారణం లేని తేడాను పక్కదారి అని రాయాలి."

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "తొందరపడకు. ముల్లు తప్పు చూపిస్తే నీ తప్పేంటి? అలా రాయమను."

"ముల్లు తప్పే వదినా. కానీ దారి పొడుగునా రాళ్ళున్నాయి, చేతికి వాచీ ఉంది. రెండు నెలలుగా రానూపోనూ పది నిమిషాలు ముందే చేరుతున్నాను. ఎందుకని అడిగానా? నా అంతటి డ్రైవరు లేదని మురిసిపోయాను." అని సారు వైపు చెయ్యి చాపింది. "పెన్ను ఇవ్వండి సార్."

నాలుగు పంక్తులు రాసింది. ఎనభై అయిదు అన్న అంకెను ఒకసారి రాసి, అక్షరాల్లో మళ్ళీ రాసింది. సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని మడవకుండా, ఆయన ముందుకు జరిపింది.

"కింద కాస్త చోటు ఉంచాను సార్."

"దేనికి?"

"ముల్లు తప్పెందుకు చూపించిందని పైవాళ్ళు అడుగుతారు కదా. అది నేను రాస్తే సాకు అంటారు."

సారు పెన్ను మూత పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. బయట ఎవరో చిల్లర లేదంటే చిల్లర లేదని పోట్లాడుకుంటున్నారు. ఆయన రాయకపోతే మేము చేయగలిగిందేమీ లేదని ముగ్గురికీ తెలుసు. వర్క్‌షాపు కాగితం ఆయన బీరువాలోనే ఉంటుంది. కాగితాలు పోవడం ఆఫీసుల్లో పెద్ద వింతేమీ కాదు.

"ముప్పై ఏళ్ళ సర్వీసు," అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. "డీజిలు చుక్క కింద పడితే చీటీ రాశాను. టైర్ల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఫోన్లో మాట్లాడుతున్నాను."

ఏమన్నా ఆయన మనసు మారిపోతుందని నాకు భయం వేసింది.

ఆయన వంగి రాశారు. ఎత్తయిన టైర్లకు అనుమతి ఇచ్చింది తానేననీ, సైజు సరిచూడలేదనీ, మీటరు తేడాకు అదే కారణమనీ. తరవాత పరీక్ష ఫారం దగ్గరకు లాక్కుని, పక్కదారి అని ఉన్న గడిలో 'లేదు' అని రాశారు. రెండు అక్షరాలు. రెండో అక్షరం రాశాక పెన్ను కాసేపు అక్కడే ఆగింది.

మా ఆడపడుచు కుర్చీ వెనక్కి జరుపుకుని గది బయటికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. ఎంతకీ కడుక్కోవడం ఆపలేదు.

"తాళం ఇవ్వండమ్మా," అన్నారు సారు వెనకే వచ్చి. "ఈ టైర్లతో ఈ బండి ఇంక కదలకూడదు. రేపు పది గంటలకు పైవాళ్ళ దగ్గరకు ఇద్దరం వెళ్దాం."

"ఇద్దరమా సార్?"

"కాగితం మీద ఇద్దరం ఉన్నాం కదా."

ఆమె తాళం ఇచ్చింది. ఆరేళ్ళుగా ఆ తాళం ఆమె చేతిలోనో, నడుముకు దోపుకునో ఉండేది. ఇచ్చాక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చీర కొంగుకు తుడుచుకుంది.

మమ్మల్ని తీసుకెళ్ళడానికి సారు ఫోను చేస్తే మీసాలాయన తన కారు వేసుకుని అరగంటలో వచ్చాడు. దిగకముందే, అద్దం దించుతూ అడిగాడు.

"ఏమ్మా, ఎంత వచ్చింది?"

"పద్దెనిమిది పాయింట్ మూడు," అన్నారు సారు ముందు సీటులో ఎక్కుతూ. "నీకంటే ఎక్కువే. క్యాంటీన్లో ఏదో అడిగావట, ఈ అమ్మాయికి ఇప్పుడు ఒకసారి చెప్పు."

"ఊరికే సరదాకు అన్నాను సార్..."

"ఆ సరదానే."

మీసాలాయన తాళం తిప్పాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "తప్పుగా అన్నానమ్మా," అన్నాడు చివరికి, స్టీరింగుకు చెబుతున్నట్టు.

మా ఆడపడుచు నా పక్కన వెనక సీట్లో కూర్చుంది. అక్కణ్ణుంచి రోడ్డు చూడటం ఆమెకు అలవాటు లేదు, కుడికాలు ఊరికే నేలను తొక్కుతోంది. రేపు ఏమవుతుందో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. పంతొమ్మిదో రాయి దాటింది. కారు ఊపందుకుంది. పద్దెనిమిదో రాయి వెంటనే వచ్చేసింది.

ఆమె నా మణికట్టు పట్టుకుని వాచీ తనవైపు తిప్పుకుంది. పదిహేడో రాయి దాకా చూసి, ముందుకు వంగింది.

"అన్నా," అంది నెమ్మదిగా, "తొంభైలో ఉన్నావు. సారు పెన్ను తియ్యకముందే దించు."